లఘుచిత్రములందు వాక్చేష్టల తారతమ్యము

కృష్ణానదికి రెండు దరులయందును, విజయవాడ మొదలు మచిలీపట్టణము వఱకును, తెనాలి మొదలు రేపల్లె వఱకును, నేఁడు విద్యార్థులును జిఱుద్యోగులును దమ చేతనున్న ఫోనునే కెమెరాగాఁ జేసికొని పది పదునైదు నిమిషముల కథాచిత్రములను దీయుచున్నారు. వీనికి లఘుచిత్రములని పేరు. తీయువారు వృత్తిచేత సినిమావారు కారు. వేతనము గోరువారును గారు. మిత్రులే నటులు, ఇంటి వసారాయే రంగము, కాలువగట్టే బహిఃప్రదేశము. వ్యయ మల్పము, ఉత్సాహ మధికము. ఇట్టివి యూట్యూబునందు వెలువడి, బంధుమిత్రులచేతఁ జూడఁబడి, పిమ్మట మఱుఁగుపడుచున్నవి. పండితులు వీనిని సాహిత్యవిచారమునకుఁ దగినవిగాఁ దలఁపకుండుట సహజమే. కాని రూపకమును బదివిధములుగ విభజించి విచారించిన శాస్త్రము గల దేశమున, దృశ్యకావ్యమునకుఁ గ్రొత్తగాఁ బుట్టిన శాఖను విచారింపకుండుట శాస్త్రమునకే కొఱఁత యగును.

ఈ చిత్రములు తీయువారిలోఁ దఱచుగ నొక వాదము వినఁబడుచుండును. చేష్ట ప్రధానమా, సంభాషణము ప్రధానమా యనునది యా వాదము. చేష్టాపక్షమువారు, సినిమా చూచునది గాని వినునది కాదనియు, మాటలన్నియుఁ దీసివేసినను గథ తెలిసినచోఁ జిత్రము సిద్ధించినట్లనియుఁ జెప్పుదురు. సంభాషణపక్షమువారు, ధనము లేనివానికి మాటయే ధనమనియు, పోరాటములు, ప్రయాణములు, జనసమూహములు చూపుటకు శక్తి చాలదు గావున నిద్దఱిని గూర్చుండఁబెట్టి మాటలాడించుటయే మార్గమనియుఁ జెప్పుదురు. ఈ రెండు పక్షములును నోటికిని శరీరమునకును వివాదము గల్పించి, క్రియ యనఁగా నేమియో విచారింపక విడిచినవి. అది తేలినచో వివాదము చాలవఱకుఁ దీఱును.

శాస్త్రమర్యాద

భరతముని యభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము నని నాలుగు విధములుగఁ జెప్పెను. వాక్కును నాట్యమునకు శరీరమువంటిదిగాఁ బేర్కొని, దానియందు విశేషమైన యత్నము చేయవలయునని విధించెను. వాక్కు లేక నాట్యము లేదని దీనివలన సంభాషణపక్షమువారు సంతోషింపవచ్చును. కాని యా శాస్త్రమే వృత్తులను నాలుగుగాఁ జేసి, వాక్ప్రధానమైన భారతీవృత్తిని వానిలో నొకదానినిగా మాత్రమే నిలిపినది. ఉద్ధతచేష్టలు గల యారభటికిని, లలితమైన కైశికికిని, సత్త్వప్రధానమైన సాత్త్వతికిని వేఱుగ స్థానము గలదు. కావున భరతశాస్త్రము నొక పక్షమునకే సాక్షిగాఁ బిలుచుట సరికాదు.

ధనంజయుని దశరూపకమున నీ విచారమునకు మిక్కిలి యుపకరించు విభాగ మొకటి కలదు. కథావస్తువునందుఁ గొంత భాగము సూచ్యము, కొంత దృశ్యశ్రవ్యము. నీరసమును, రంగమునఁ జూపరానిదియునైన భాగమును సూచింపవలయును. రసవంతమైన భాగమును గన్నులకుఁ జెవులకు నందీయవలయును. సూచించుటకు విష్కంభము, ప్రవేశకము, చూళిక, అంకాస్యము, అంకావతారము నను నైదుపాయము లేర్పడినవి. ఇచ్చటి విభాగము చేష్టకును వాక్కునకును నడుమ జరిగినది కాదు. దృశ్యశ్రవ్యమను సమాసమున రెండును జేరియే యున్నవి. సూచ్యమున కెదురుగ దృశ్యశ్రవ్యము నిలిచినది. వార్తగాఁ జెప్పఁబడు దానికిని, ఎదుట జరుగు దానికిని గల భేదమే ప్రాచీనుల దృష్టిలో ముఖ్యమైనది.

నేఁటి లఘుచిత్రములలోఁ బెక్కింటి దోష మీ వెలుఁగునఁ దేటపడును. టీ దుకాణమువద్ద నిద్దఱు మిత్రులు కూర్చుందురు. ఒకఁడు "ఏంట్రా అలా ఉన్నావ్?" అని యడుగును. రెండవవాఁడు తన ప్రేమవృత్తాంతమో, తండ్రితోడి కలహమో, యుద్యోగము లేని బాధయో యాఱు నిమిషములు చెప్పును. ఇది ప్రవేశకము. ప్రవేశకము రెండంకముల నడుమ నుండఁదగినది. జరిగినదానిని జరగఁబోవుదానితోఁ గలుపుట దాని పని. అంకములే లేక ప్రవేశకమే రూపకమంతయు నిండినప్పుడు ప్రేక్షకుఁడు ద్వారమువద్దనే నిలిచిపోవును. ఇందుఁ దప్పు మాటలది కాదు. సూచ్యమును దృశ్యముయొక్క యాసనమునఁ గూర్చుండఁబెట్టుటది.

పరిమాణముచేత లఘుచిత్రమునకు దగ్గఱివి యేకాంకరూపకములు. వానిలో భాణము, వ్యాయోగము నను రెండింటిని బ్రక్కప్రక్కను బెట్టి చూచుట యుచితము. భాణమున నొక్కఁడే పాత్ర; వాఁ డాకాశభాషితముచేత లేనివారితోఁ బ్రశ్నోత్తరములు నడుపును. వ్యాయోగమున నొక్క దినమునఁ బూర్తియగు వృత్తము, యుద్ధాదిచేష్టలు నుండును. శాస్త్రకారులు రెండింటిని నొక్క పట్టికయందే చేర్చి, దేని నియమములు దానికిఁ జెప్పిరి. అల్పపరిమాణమున వాక్ప్రధానమైన రచనయు, చేష్టాప్రధానమైన రచనయు రెండును సాధ్యములే యని యిందువలనఁ దేలుచున్నది. ఏ కథ కేది తగునో నిర్ణయించుటకు వ్యాకరణశాస్త్రమే యుపాయము చూపఁగలదు.

క్రియాస్వరూపము

వాక్యమునకు లక్షణము చెప్పుచు, ఒక తిఙంతపదము గలది వాక్యమని వార్తికకారుఁ డనెను. తెలుఁగునందును "లేచి, ముఖము కడిగికొని, గొడుగు తీసికొని, బడికి వెళ్ళెను" అన్నచోఁ బనులు నాలుగైనను సమాపకక్రియ యొక్కటియే. తక్కినవి క్త్వార్థకములై దాని ననుసరించును. లఘుచిత్రము దీర్ఘచిత్రమునకు సంక్షేపము కాదు. దీర్ఘచిత్రము మహావాక్యమువంటిది, అందు బహువాక్యములు గూడియుండును. లఘుచిత్ర మేకవాక్యము. దానికి సమాపకక్రియ యొక్కటియే యుండవలయును. అది యెద్దియో తీయువాఁడు ముందుగ నెఱిఁగినచో, దానిని నోటిచేతఁ జేయింపవలయునా, చేతిచేతఁ జేయింపవలయునా యనునది తానుగనే నిర్ణీతమగును. క్త్వార్థకముల కెంత కాల మీయవలయునో కూడఁ దెలియును.

మఱి క్రియ యనఁగా నేమి? వైయాకరణుల మతమున ధాతువునకు వ్యాపారము, ఫలము నను రెండర్థములు గలవు. వండుట యన్నచోఁ బొయ్యి రాఁజవేయుట మొదలైనది వ్యాపారము. బియ్యము మెత్తబడుట ఫలము. ఈ రెండింటిలో నొకటి లేనిది క్రియ కాదు. చేష్టాపక్షమువారు మఱచినది యిదియే. ఒక యువకుఁడు ప్రకాశము బ్యారేజిమీఁద నడచును, కటకటా లానుకొని నీటిని జూచును, జేబునుండి యుత్తరము దీసి మరల లోన నుంచుకొనును, మరల నడచును. వెనుక వేణువు మ్రోఁగుచుండును. మాట యొక్కటియు లేదు గావున నిది శుద్ధమైన సినిమా యని తలఁతురు. కదలిక గలదు గాని ఫలము లేదు. నడక ముగిసిన పిమ్మట లోకమునఁ గాని వానియందుఁ గాని మాఱిన దేమియు లేదు. అది వ్యాపారాభాసము, చేష్ట యగును గాని క్రియ కాదు. ఇందుకుఁ బ్రతిగా, ఒకఁడు కదలక కూర్చుండియే పలికిన "సరే" యను నొక్క మాటవలన నింటి పొలము చేయి మాఱినచో, అది సంపూర్ణమైన క్రియ. కావున ఫలమును బుట్టించు వాక్కు చేష్టయే. ఫలము లేని చేష్ట వార్తకంటెను దక్కువ.

భర్తృహరి క్రియను గుఱించి చెప్పిన మఱియొక విషయము చిత్రములఁ గూర్చువారికిఁ బనికివచ్చును. క్రియ యొక్కసారిగఁ గంటఁబడునది కాదు. క్రమముగఁ బుట్టి నశించు చిన్న చిన్న యవయవములను బుద్ధి యొకటిగఁ గూర్చి క్రియ యని వ్యవహరించును. ఎసరు పెట్టుట వంట కాదు, బియ్యము పోయుట వంట కాదు, గంజి వార్చుటయు వంట కాదు. వీని సమూహము వంట. షాటులను వరుసగఁ గూర్చు ఎడిటింగునకుఁ బ్రాణమిదియే. ప్రేక్షకుని బుద్ధి కూర్చుటకు సిద్ధముగ నున్నది గావున నన్ని యవయవములను జూపఁబనిలేదు. నిప్పు రాఁజుటయు, గంజి వార్చుటయుఁ జూపినచోఁ జాలును. అల్పవ్యయముతోఁ జేష్ట జూపరాదను సంభాషణపక్షమువారి మాట యిచ్చట వీఁగిపోవును.

ఒక యాక్షేపము రావచ్చును. ఏమియు జరగని చిత్రములు లేవా? వర్షమున నొక వృద్ధురాలు వాకిట నుండుటయే చిత్రమైనచో దానికి సమాపకక్రియ యేది? వాక్యమునఁ గ్రియాపదము వినఁబడనిచో "ఉన్నది" యనునది యధ్యాహార్యమని వార్తికకారునిచేతనే సమాధానము చెప్పఁబడినది. "ఆమె మా యవ్వ" యన్నది తెలుఁగున నిర్దుష్టమైన వాక్యము. అట్లే యునికిని మాత్రమే చూపు చిత్రము నిర్దుష్టము కావచ్చును. కాని యట్టి చిత్రమున నామె యునికి యంతయు దృఢముగఁ గానరావలయును. క్రియ దొరకక యునికిని శరణుచొచ్చుట వేఱు, ఉనికియే చెప్పఁదగినదని యెఱిఁగి చెప్పుట వేఱు.

దేశ్యసంప్రదాయము

ఈ న్యాయమునకు నిదర్శనము వెదకుటకుఁ గృష్ణామండలమును విడిచి పోనక్కఱలేదు. మొవ్వకుఁ జేరువనున్న కూచిపూడియందు సిద్ధేంద్రయోగి పేర వెలసిన భామాకలాపము గలదు. అందు సత్యభామ ముందుగ మాటలాడదు. తెఱవెనుక నిలిచి జడను దెఱపై వేసి చూపుట సంప్రదాయము. ఆ జడయే యామె ప్రతాపమును, సౌందర్యగర్వమును బ్రకటించును. పిదప మాధవితోడి సంభాషణము. సూత్రధారుఁడే మాధవియై ప్రశ్నించుచుండఁగా, భామ తన భర్త పేరు నోటఁ జెప్పుటకు సిగ్గుపడును. ఇచ్చట నున్నది మాటయా, చేష్టయా? పేరు చెప్పకుండుటయే క్రియ. సంభాషణము లేకున్నచో నా మౌనము పుట్టదు; మౌనము లేకున్నచో సంభాషణమునకుఁ బ్రయోజనము లేదు. పిమ్మట రాయబారమునకుఁ బోవుటకై మాధవి ముక్కెర నడుగును. భామకు దానిని వదలుకొనుట కష్టము. అడుగుట, కాదనుట, తుదకుఁ దీసి యిచ్చుట యనుదానియందు వాక్కును హస్తమును నొక్క దానక్రియనే మోయుచున్నవి. ఇయ్యఁబడు నగ కర్మకారకము, మాధవి సంప్రదానము, విరహము హేతువు. కూచిపూడివారు మాట పెద్దదా, అభినయము పెద్దదా యని తగవు పెట్టుకొనక, రెండింటి నొక్క క్రియ కంగములుగఁ జేసిరి. చేయి తిరిగిన నటునియందు నేది ముందు పుట్టినదో చెప్పుట కష్టము.

పద్యనాటకమునందు వేఱొక పాఠము గలదు. తిరుపతి వేంకటకవులలో నొకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి బందరు హిందూ ఉన్నతపాఠశాలయందుఁ బండితుఁడుగ నుండెను. ఆ కవులు రచించిన పాండవోద్యోగ విజయములలోని రాయబారఘట్టము తెలుఁగుదేశమంతట రాత్రులను దెల్లవార్చినది. అది యాద్యంతము సంభాషణమే. ఎవరును గత్తి దూయరు. ఐనను నది చేష్టారహితము కాదు. సంధియా, యుద్ధమా యను ఫలము పద్యపద్యమునకు నిటు నటు నూఁగుచుండును. రాయబారమున మాటయే పని. అదే ఘట్టమును, ఒక్క చరణముపై రాగము నంతులేక సాఁగఁదీసి, చప్పట్లకొఱకు నిలిచి, వన్సుమోరుకు మరలఁ బాడినప్పుడు, ఆ మాటయే ఫలమును గోల్పోయి యలంకారమగును. ఎదుటి పాత్ర ప్రతిమవలె నిలిచియుండును. కవి వ్రాసిన మాటలలో నొకటియు మాఱలేదు. క్రియ మాత్రము తొలఁగిపోయినది. సంభాషణము చిత్రమును జంపునని చేష్టాపక్షమువారు భయపడుట కీ యనుభవమే మూలమై యుండవచ్చును. కాని చంపినది సంభాషణము గాదు, దానినుండి ఫలమును వేఱుచేసిన పద్ధతి.

మూకచిత్రమునుండి టాకీ వఱకు

తెలుఁగువారి చిత్రకళ మూకచిత్రముతోనే ప్రారంభమైనది. మచిలీపట్టణమునకుఁ జెందిన రఘుపతి వెంకయ్య చెన్నపట్టణమునఁ జిత్రప్రదర్శనములు నడపి, స్టార్ ఆఫ్ ది ఈస్ట్ సంస్థను స్థాపించెను. ఆ సంస్థవారు 1921లో భీష్మప్రతిజ్ఞ యను మూకచిత్రమును వెలువరించిరి. దానికి దర్శకుఁడు వెంకయ్య కుమారుఁడు ఆర్. ప్రకాశ్. ఆ యేఁటనే విజయవాడయందు మారుతీ చిత్రశాల వెలసినది. ఇచ్చట నొక విశేషమును గమనింపవలయును. మాట లేని యా చిత్రమునకుఁ బెట్టిన పేరు ప్రతిజ్ఞ. ప్రతిజ్ఞ యనఁగా వాక్కే. ఆ వాక్కువలన రాజ్యము చేయి మాఱినది, వంశము నిలిచినది, ఒక పురుషుఁడు జన్మాంతమును బ్రహ్మచారి యయ్యెను. మూకచిత్రములయందు మాటలను దెఱపై నక్షరములుగఁ జూపుట యానాఁటి వాడుక. చెవికి వినఁబడకున్నను, ఫలవంతమైన మాట లేక కథ నడవదని తొలినాళ్ళలోనే తేలినది.

1932లో హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వమున భక్తప్రహ్లాద టాకీగ వచ్చెను. అది ధర్మవరము రామకృష్ణమాచార్యుల నాటకముపై నాధారపడినది. నాటకమునుండి వచ్చిన టాకీలు పద్యములను, సుదీర్ఘభాషణములను వెంటఁదెచ్చినవి. ఒక తరమువఱకు, నిలిచి పాడు పద్ధతి తెఱపై సాఁగినది. కాని యా సంప్రదాయమునుండియే 1957 నాఁటి మాయాబజారు పుట్టినది. పింగళి నాగేంద్రరావు మాటలు వ్రాసిన యా చిత్రము వాక్సంపదకుఁ బేరొందినది. అందలి మాయాశశిరేఖ ఘట్టమును జూడుఁడు. ఘటోత్కచుఁడు శశిరేఖ రూపము ధరించినాఁడు. సావిత్రి యాఁడుదాని నడకలో నుండియే, నడుమ నడుమ నూజివీటివాఁడైన ఎస్. వి. రంగారావు నడకను, మీసము దువ్వు తీరును జొప్పించును. మాట యొకరిది, దేహ మింకొకరిది. అంగచేష్ట మాటకుఁ బ్రతికూలమై నిలిచినందుననే హాస్యము పుట్టుచున్నది. మాటయును జేష్టయును నొక్కదానినే చెప్పినచో నొకటి వ్యర్థము. వేఱు వేఱు చెప్పినచో రెండును బ్రాణవంతములు. లఘుచిత్రకారుల కిది ఖర్చు లేని పాఠము.

సింగీతము శ్రీనివాసరావు 1987లోఁ దీసిన పుష్పకవిమానమున సంభాషణమే లేదు. చేష్టాపక్షమువారు దీనినే ప్రమాణముగఁ జూపుదురు. కాని దానిని సావధానముగఁ జూచినచో, అది నిశ్శబ్దచిత్రము కాదు, నిస్సంభాషణచిత్రము మాత్రమే. సినిమాహాలు ప్రక్కనున్న గదిలోని రొదకు నలవాటుపడిన నాయకుఁడు, పెద్ద హోటలులోని నిశ్శబ్దమున నిద్రపట్టక, ఆ రొదను టేపురికార్డరులోఁ బట్టి తెచ్చి వినుచు నిద్రించును. ధ్వనియే యందు క్రియకుఁ గరణము. అట్టి చిత్రమున కెంత ధ్వనిశ్రద్ధ కావలయునో తెలిసినవారు, మాటలు తీసివేసినచో శ్రమ తగ్గునని భ్రమపడరు.

లఘుచిత్రములతో నభ్యాసము చేసి పెద్ద తెఱకు వచ్చిన తరుణ్ భాస్కర్, 2016లోఁ బెళ్ళిచూపులు చిత్రమును దీసి, దానికి జాతీయపురస్కారములలో సంభాషణరచనకు బహుమానము నందెను. ఆ చిత్రమున వధూవరు లొక గదిలోఁ దలుపు పడి చిక్కుకొని తమ గతములను జెప్పుకొందురు. వృత్తాంతకథనమే గదా, ఇది ప్రవేశకదోషము కాదా యనిన, కాదు. చెప్పుకొనుటవలన నొకరిపై నొకరికిఁ గల యభిప్రాయము మాఱుచున్నది. తలుపు తెఱచునప్పటికి వారు లోనఁ బ్రవేశించినవారు కారు. టీ దుకాణపు మిత్రుని కథనమునకును దీనికిని గల భేద మీ ఫలమే.

కారకపరీక్ష

సిద్ధాంతమును నొక కల్పితకథపై నిలిపి చూచుట మేలు. కాలువ కడపటి భూములకు డెల్టాలో శివారు భూములని పేరు. పై రైతులు పట్టుకొనఁగా మిగిలిన నీరు వానికి వచ్చును, ఒక్కొక్కయేఁడు రాదు. తూములను గాచువానిని లస్కరందురు. నారుమడి యెండుచుండఁగా శివారు కౌలురైతు రాత్రివేళఁ దూముపలక నెత్తి నీరు వదలినట్లు కథ.

దీనిని సంభాషణపక్షముగఁ దీసినచో, రైతును భార్యయు నరుఁగుపైఁ గూర్చుండి కౌలు, అప్పు, కుమార్తె వివాహము, నీరు రాకపోవుట యనువానిని వరుసగ నేకరువు పెట్టుదురు. తుదకు రైతు "రాత్రికి తూము ఎత్తేస్తా" ననును. చేష్టాపక్షముగఁ దీసినచో, చీఁకటి, టార్చిలైటు, బురదపాదములు, పలక, నీరు, రైతు కన్నుల తడి, అంతటితో ముగియును. మొదటిదానియందు సమాచారము గలదు, క్రియ లేదు. రెండవదానియందుఁ గ్రియ గలదు గాని యది యొక్కని క్రియ. ఎదిరించువాఁడు గాని స్వీకరించువాఁడు గాని లేనందున దాని ఫలము లోకమును దాఁకదు.

మూఁడవ విధము గలదు. తెల్లవాఱుచుండఁగా లస్కరు వచ్చును. పలక యెత్తియుండుటయు, గట్టుపైఁ దడి పాదముల జాడయుఁ జూచును. కొంత దూరమున రైతు పాఱ చేతఁబట్టి నిలిచియుండును. ఇంతవఱకు మాట లేదు. లస్కరు పలకను దించును. దించి, సైకిలు మరల్చుకొనుచు, "తడిసిందా, బాబాయ్?" అని యడుగును. రైతు తల యూఁచును.

ఇందలి మాట రూపముచేతఁ బ్రశ్న, ఫలముచేత క్షమ. పలకను దించుట యుద్యోగధర్మము, అడుగుట బంధుధర్మము. దించక యడిగినచో నది జాలి మాత్రమే. అడుగక దించినచోఁ జట్టము మాత్రమే. సంబోధనపదము క్రియకు విశేషణమని హరి మతము. ఇచ్చట "బాబాయ్" అను సంబోధనమే యా ప్రశ్నను విచారణగాఁ గానీయక క్షమగా మార్చినది. ఈ చిత్రమునకు సమాపకక్రియ లస్కరు నోటనున్నది. తక్కిన చేష్ట లన్నియు దానికి క్త్వార్థకములు. ఇదే లస్కరు "నువ్వు చేసింది తప్పేగానీ నీ పరిస్థితి చూసి వదిలేస్తున్నా" ననినచో ఫలము పుట్టదు. పుట్టినట్లు వార్త మాత్రము వచ్చును.

కావున ప్రతి ఘట్టమునకును గారకపరీక్ష చేయఁదగును. ఇందు స్వతంత్రుఁడైన కర్త యెవఁడు? వాఁడు మిక్కిలి కోరినది, యనఁగాఁ గర్మ, యేది? దేనిచేత సాధించును? ఎవరి కిచ్చును? దేనినుండి విడివడును? ఎచ్చట, నెప్పుడు? శివారు కథలో రైతు కర్త, నీరు కర్మ, పలక కరణము, చేను సంప్రదానము, కాలువ యపాదానము, గట్టును రాత్రియు నధికరణము. ఈ యాఱింటిలో నొకటియైన మాఱక ముగిసిన ఘట్టము నెంత చక్కఁగాఁ దీసినను దొలఁగింపవచ్చును. ఈ పరీక్షలో వాక్కునకుఁ గాని చేష్టకుఁ గాని పక్షపాతము లేదు.

సాధనసంపత్తి

మాటలచిత్రము చవుక యనుట లోకమునఁ బాఁతుకొన్న భ్రమ. ఫోనులోని మైకు నటుని నోటికి దూరమైనకొలఁది గది రొదను, ఫ్యానును, వీధి హారనులను మాటతో సమానముగఁ గ్రహించును. నదిగట్టున గాలి మైకుపై నేరుగఁ దాఁకి మాటను మ్రింగును. బొమ్మ మసకయైనఁ బ్రేక్షకుఁడు సహించును గాని మాట స్పష్టముగ వినఁబడనిచో సహింపఁడు. పిమ్మట డబ్బింగు చేయుదమనిన, అలవాటు లేని నటుఁడు పెదవులకు సరిపోవునట్లు పలుకలేఁడు. పలికినను దొలినాఁటి భావము రాదు. ఒక్కటే కెమెరా యున్నచో నిద్దఱి సంభాషణమును రెండువైపులనుండి మరల మరలఁ దీయవలయును. శిక్షణ లేనివాఁడు రెండవమాఱదే మాట నదే తీరునఁ జెప్పలేఁడు గావున నతుకులు గానవచ్చును. కాఁబట్టి యల్పధనుఁడు మాటలను దగ్గించుట మంచిదే. కాని యది కళాసూత్రము గాదు, సాధనలాఘవము మాత్రమే. మాట లల్పముగ నుండుట చేత మిగిలిన యొక్క మాటకు విలువ హెచ్చును. దానిని నోటికి దగ్గఱగ మైకు నుంచి శుద్ధముగఁ బట్టవలయును. పలక దించునప్పటి యినుప శబ్దమును, నీటి మ్రోఁతయు నంతే శ్రద్ధతోఁ బట్టవలయును.

భాషావిషయము

పండితులు పాటింపవలసిన విషయ మొకటి మిగిలియున్నది. పాత్రముల దేశమును, జాతిని, వృత్తిని బట్టి భాషాభేదమును భరతముని విధించెను. రాజు సంస్కృతమును, నాయిక శౌరసేనిని మాటలాడుట దోషము గాకున్నప్పుడు, శివారు రైతు కృష్ణాతీరపు వాడుకమాట నాడుట దోష మగుట యెట్లు? గ్రంథభాష వ్యాసమునకు, పాత్రభాష పాత్రమునకు. ఈ విషయమునఁ జిక్కు గ్రాంథికవాదులవలన గాక వేఱొక దిక్కునుండి వచ్చుచున్నది. లఘుచిత్రములలోని యువకులు తమ యింటి మాట నాడక, పెద్ద సినిమాల నాయకులు సవాలుగ విసరు మాటల నరువు తెచ్చుకొని పలుకుచున్నారు. మాటలే వలదను చేష్టాపక్షమువారి యుపదేశమును బాటించినచో నరువుమాటలతోపాటు సొంతమాటలును బోవును. శివారు, లస్కరు, వంతు, ఊడ్పు, కుప్పనూర్పు మొదలైన మాటలు పొలములు ప్లాట్లగుచున్న యీ కాలమున నోళ్ళనుండి జాఱుచున్నవి. వీనిని స్వరముతోఁగూడ నిలుపఁగలిగినది నిఘంటువు గాదు. ఆ నేలపైఁ బుట్టినవాని చేతిలోని ఫోను నిలుపఁగలదు. సంభాషణము చిత్రమునకుఁ బరాయిదని చెప్పుటవలనఁ గలుగు నష్ట మింతటిది. అందుచేత నీ వాదము సినిమావారి యింటితగవుగా మాత్రమే యుండఁజాలదు.

ఉపసంహారము

చెప్పిన దాని సారమిది. వాక్కు, చేష్ట యనునవి పరస్పరశత్రువులు గావు. ఫలవంతమైనప్పుడు రెండును గ్రియలే, ఫలహీనమైనప్పుడు రెండును గావు. లఘుచిత్ర మేకవాక్యము, దానికి సమాపకక్రియ యొక్కటి. ఆ క్రియ నేది మోయునో యదియే యా చిత్రమునఁ బ్రధానము, తక్కిన దంగము. వార్తగాఁ జెప్పవలసినది సూచ్యము. దానిని క్లుప్తముగ ముగింపవలయును.

పాఠశాలా పండితుల కిందొక సులభమైన పని గలదు. విద్యార్థి లఘుచిత్రము తీసెదనని వచ్చినప్పుడు, కథ యెంత యని యడుగక, దాని నొక్క వాక్యముగఁ జెప్పుమని యడుగవలయును. వాక్యము చెప్పినపిమ్మట సమాపకక్రియ క్రింద గీఁత గీయింపవలయును. "ఉండెను", "తలఁచెను", "బాధపడెను" అని వచ్చినచో మరల నాలోచింపుమనవలయును. "ఇచ్చెను", "దాఁచెను", "వదలెను", "అడిగెను" అని వచ్చినచోఁ గెమెరా తీయుమనవలయును. తరగతిలోఁ గారకపాఠము విసుగని తలఁచు బాలునకు దాని యుపయోగ మానాఁడు తెలియును. తెలిసిన బాలుఁడు కాలువగట్టునకుఁ బోయి, ఏ మాట నుంచవలయునో, ఏ మాట నుడుగవలయునో తానే నిర్ణయించుకొనును.